షడ్జమం చిరునామా మారినప్పుడు

హనుమకొండ

చిరంజీవి చిట్టితల్లికి తాత ఆశీస్సులు.

శంషాబాద్‌లో నీ కీబోర్డు క్లాసు బాగా సాగుతోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ సందేహం కూడా చెప్పింది. టైటానిక్ పాటను రికార్డుతో కలిపి వాయిస్తుంటే చాలాదాకా చక్కగా కుదురుతోందట. తీరా ఆఖరి పల్లవి వచ్చేసరికి వేళ్లు ఒక దారి, పాట ఇంకో దారి పడుతున్నాయట. కీబోర్డు పాడైందేమోనని నీ అనుమానం. కీబోర్డుకు ఏమీ కాలేదమ్మా. ఆ పాట అక్కడ నిజంగానే శ్రుతి మార్చుకుంటుంది. ఎంతోమంది ఏళ్ల తరబడి వింటూ కూడా గమనించని సంగతిని నీ చెవి పట్టుకుంది. అందుకే ఫోన్‌లో రెండు మాటలతో సరిపెట్టకుండా తాత ఈ ఉత్తరం రాస్తున్నాడు. కీబోర్డు పక్కన పెట్టుకుని చదువు.

నువ్వు వాయిస్తున్న ఆ టైటానిక్ పాట, ‘మై హార్ట్ విల్ గో ఆన్’, 1997లో వచ్చింది. బాణీ జేమ్స్ హార్నర్‌ది, సాహిత్యం విల్ జెన్నింగ్స్‌ది, గొంతు సెలీన్ డియోన్‌ది. పాట ఇ మేజర్‌లో మొదలవుతుంది. మన హార్మోనియం లెక్కలో అది మూడో శ్రుతి. తెల్ల మెట్లకు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నడుమ ఉన్న నల్ల మెట్లకు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర అని పేర్లు. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు కనుక మూడున్నర శ్రుతి ఉండదు. ఇక ఆఖరి పల్లవి ఎ ఫ్లాట్ మేజర్‌లో ఉంటుంది, అంటే అయిదున్నర శ్రుతి. మూడు నుంచి నాలుగు, నాలుగున్నర, అయిదు, అయిదున్నర: నాలుగు మెట్ల ఎత్తు. సెకనుకు 329.6 కంపనాల దగ్గరున్న షడ్జమం ఒక్కసారిగా 415.3కి పోయి కూర్చుంటుంది.

ఆ దూకుడు గాల్లోకి వేసినది కాదు. మూడో శ్రుతిని ‘స’ అనుకుని స్వరాలు వాయించి చూడు. అయిదున్నర మెట్టు దగ్గర ఏ స్వరం పలుకుతోంది? అంతర గాంధారం. అంటే పాట మొదటినుంచీ ‘గ’గా వింటూ వచ్చిన నాదమే ఆఖరికి ‘స’ అవుతుంది. పాత ధైవతం కొత్త మధ్యమం అవుతుంది, పాత నిషాదం కొత్త పంచమం అవుతుంది. ఏడు స్వరాల్లో ఈ మూడే రెండు శ్రుతులకూ ఉమ్మడి, మిగతా నాలుగూ పూర్తిగా కొత్తవి. చెవికి పట్టుకోవడానికి ఒక గుంజ దొరుకుతుంది, కానీ తక్కిన ఇల్లంతా మారిపోయి ఉంటుంది. ఆ చోట ఒళ్లు జలదరించడానికి సెలీన్ డియోన్ గొంతులోని బలం ఎంత కారణమో, ఈ అమరిక కూడా అంతే కారణమని తాత నమ్మకం.

దీన్ని కళ్లతో కాదు, చెవితో తేల్చుకోవాలి. మొదటి పల్లవి చివర పాట ఎక్కడ విశ్రాంతిగా వాలుతుందో ఆ నాదాన్ని నోరు మూసుకుని ‘మ్...’ అని పట్టుకో. తొందరపడకు. ఈ పాట పల్లవి షడ్జమం మీద కాక ధైవతం ఆధారంగా ఉన్న మైనర్ కార్డ్‌తో ఎత్తుకుంటుంది, అక్కడ చాలామంది మోసపోతారు. పల్లవి ముగింపునే నమ్ము. పట్టిన నాదాన్ని వదలకుండా పాట చివరిదాకా రా. శ్రుతి మారిన క్షణాన నీ ‘మ్’ పాటతో తగువు పడుతుంది. ఎందుకంటే పాత ‘స’ కొత్త లెక్కలో శుద్ధ ధైవతం అయింది, మేజర్ స్కేలులో ఆ స్వరానికి చోటు లేదు. ఆ గరుకుదనం తెలిసిందంటే శ్రుతి మార్పు పట్టుబడినట్టే. ఆ తర్వాతే కీబోర్డు మీద ఏ మెట్టో వెతుక్కో.

పాశ్చాత్య పాప్ సంగీతంలో ఇది పాత విద్యే, అయినా ఒక్కొక్కరి పద్ధతి ఒక్కొక్క తీరు. బియాన్సే 2011లో పాడిన ‘లవ్ ఆన్ టాప్’ ఒకటో శ్రుతిలో మొదలై చివర్లో ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు అంటూ నాలుగుసార్లు మెట్టుమెట్టుగా పైకి పోతుంది. సెలీన్ డియోన్ ఒక్క అంగలో దాటినంత దూరమే ఇదీను, కానీ ఒక్కో మెట్టూ ఎక్కి చేరింది. ఇక ఆపదా, ఇంకా ఎక్కుతుందా అని వినేవాడికి ఊపిరాడనివ్వదు. బాన్ జోవి బృందం 1986 నాటి ‘లివిన్ ఆన్ ఎ ప్రేయర్’లో ఇంకో తమాషా ఉంది. ఆఖరి పల్లవి మూడు మెట్లు పైకి జరగడమే కాదు, నాలుగు దెబ్బల తాళంలో ఒక దెబ్బ కోసేసి, అనుకున్నదానికన్నా ముందే వచ్చి పడుతుంది. శ్రుతీ లయా రెండూ ఒకేసారి కాలి కింద నుంచి జరిగాయన్నమాట. బీటిల్స్ 1967లో విడుదల చేసిన ‘పెన్నీ లేన్’లో మాత్రం చరణాలు ఏడో శ్రుతిలో, పల్లవి ఆరో శ్రుతిలో ఉంటాయి. పల్లవి అంటే ఎత్తుకు ఎగరాలని అందరూ అనుకుంటుంటే వాళ్లు కిందికి దించారు, ఆఖరి పల్లవిని మాత్రం ఏడో శ్రుతిలోనే పాడి పాటకు వెలుగు తెచ్చారు. తాతకు వీటన్నిటిలోకీ ఇదే ఎక్కువ ఇష్టం.

ఈ మధ్య ఆ పాటల్లోనూ ఈ విద్య తగ్గిపోతోంది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన పాటలన్నిటినీ వరుసగా విన్న క్రిస్ డల్లా రివా అనే సంగీతకారుడు 2022లో ఒక వ్యాసం రాశాడు. 1958 నుంచి 1990 దాకా ఆ పాటల్లో దాదాపు నాలుగోవంతు శ్రుతి మార్పు ఉన్నవేనట. 2010 తర్వాతి పదేళ్లలో అతనికి ఒక్కటే దొరికింది, ట్రావిస్ స్కాట్ ‘సికో మోడ్’. హిప్‌హాప్ పెరగడం, కంప్యూటర్ మీద ముక్కలు ముక్కలుగా పాట పేర్చే పద్ధతి రావడం కారణాలని అతని వాదన. కారణం ఏదైనా ఇది నష్టమే.

మరి మన పాటల్లో? ఇక్కడ నువ్వు ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. తంబూరా మీటి కూర్చున్న సంగీతం మనది. ఆధార షడ్జమం ఒకసారి నిలిచాక కచేరీ ముగిసేదాకా మామూలుగా దాన్ని కదపరు. సినిమా బాణీలు కట్టినవాళ్లూ ఎక్కువమంది ఆ నీడలో పెరిగినవాళ్లే. అందుకే మన పాటల్లో ఆశ్చర్యం చాలాసార్లు వేరే తలుపు గుండా వస్తుంది. 1957 నాటి ‘సువర్ణసుందరి’లో ‘హాయి హాయిగా ఆమని సాగే’ తీసుకో. ఆదినారాయణరావు స్వరపరిస్తే ఘంటసాల, జిక్కి పాడారు. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ అని నాలుగు హిందుస్తానీ రాగాలు అందులో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రాగం మారిన ప్రతిసారీ గదిలో దీపం రంగు మారినట్టే తోస్తుంది, కానీ ‘స’ ఉన్నచోటే ఉంటుంది. రాగమాలిక కట్టుబాటే అది. షడ్జమం నిలబడుతుంది, చుట్టూ స్వరాలు మారతాయి. టైటానిక్ పాటలో దీనికి తలకిందులు. షడ్జమం కదులుతుంది, స్వరాల నడుమ దూరాలు మాత్రం ఏ మార్పూ లేకుండా దాని వెంటే నడుస్తాయి. మేజర్ మేజర్‌గానే ఉంటుంది.

మూడో రకం ఒకటి మిగిలింది, అన్నిటికన్నా లోతైనది అదే. స్వరాలు ఒక్కటీ కదలవు, షడ్జమం మాత్రం ఇంకో స్వరం మీదికి మారుతుంది. దీన్ని గ్రహభేదం అంటారు. ఒక పోలికతో చెబుతాను. నువ్వు పుట్టకముందు విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. శంషాబాద్‌లో కొత్తది 2008 మార్చి 14న ప్రారంభమై, ఆ నెల 23 నుంచి ప్రయాణికుల విమానాలన్నీ అక్కడినుంచే ఎగరడం మొదలుపెట్టాయి. ఊరిలో ఒక్క వీధి కూడా జరగలేదు, ఒక్క ఇల్లూ కదలలేదు. అయినా సికింద్రాబాద్‌వాళ్లకు పక్కనే ఉన్న విమానాశ్రయం దూరమైంది, షాద్‌నగర్‌వాళ్లకు దూరంగా ఉన్నది దగ్గరైంది. ఎక్కడినుంచి కొలుస్తామన్నది మారింది కనుక ప్రతి పేట దూరమూ మారింది. గ్రహభేదంలో జరిగేదీ ఇదే. అవే నాదాలు, కొలత మొదలయ్యే చోటు వేరు, కాబట్టి రాగమే వేరు.

ఇప్పుడు కీబోర్డు మీద నల్ల మెట్లు మాత్రమే వాయించు. తెల్లవాటిని తాకనే వద్దు. ఎడమచేత్తో నాలుగున్నర శ్రుతిని నొక్కి పట్టి, దాన్నే ‘స’ అనుకుని కుడిచేత్తో ఆ అయిదు మెట్లూ పైకీ కిందికీ నడిపించు. మోహనం పలుకుతుంది. ‘మాయాబజార్’లో ఘంటసాల, పి. లీల పాడిన ‘లాహిరి లాహిరి’ ఆ రాగమే. ఎడమచేతిని అయిదున్నరకు మార్చు. కుడిచేతికి అవే అయిదు మెట్లు, కానీ ఇప్పుడు అది మధ్యమావతి. ‘అదివో అల్లదివో’ సాధారణంగా పాడే బాణీ ఈ రాగంలోదే, ‘శంకరాభరణం’ సినిమాలో ‘శంకరా నాదశరీరాపరా’ కూడా. ఆరున్నర పట్టుకుంటే హిందోళం. అదే సినిమాలో వినిపించే త్యాగరాజస్వామి ‘సామజవరగమన’, ‘సాగరసంగమం’లో ‘ఓం నమశ్శివాయ’ ఈ రాగంలోవి. ఒకటిన్నర పట్టుకుంటే శుద్ధసావేరి, ‘దారిని తెలుసుకొంటి’ కీర్తన రాగం. రెండున్నర పట్టుకుంటే శుద్ధధన్యాసి, ‘భావములోన బాహ్యమునందును’ అని నువ్వు చిన్నప్పుడు నేర్చుకున్నావే, ఆ బాణీ.

అయిదు మెట్లు, అయిదు రాగాలు. కుడిచెయ్యి చేసిన పనిలో తేడా ఏమీ లేదు. ఎడమచేతి కింద మోగుతున్న ఒక్క నాదమే మోహనంలోని సంతోషాన్ని హిందోళంలోని గాంభీర్యంగా మార్చేసింది. ఈ అభ్యాసాన్ని తొందరగా ముగించకు. ఒక్కో ఆధార షడ్జమం మీద ఆ రాగం మనసులో కుదురుకునేదాకా ఉండి, తర్వాతే ఇంకోదానికి వెళ్లు. గమకం లేకుండా మెట్ల మీద వాయిస్తే రాగం నీడ మాత్రమే కనిపిస్తుంది, నిజమే. కానీ షడ్జమం బలం ఎంతటిదో తెలుసుకోవడానికి ఆ నీడ చాలు. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం, మన గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ లాంటివాళ్లు కచేరీలో రాగం ఆలపిస్తూ ఆలపిస్తూ, తంబూరా మోగుతుండగానే, ఇంకో స్వరాన్ని షడ్జమంగా చేసి కొత్త రాగాన్ని చూపించి మళ్లీ సొంత షడ్జమానికి వచ్చేవారు. తంబూరా ఒక ‘స’ పలుకుతుంటే వినేవాళ్ల చెవిని ఇంకో ‘స’ దగ్గరికి నడిపించుకుపోవడమంటే ఎంత పట్టు కావాలో ఆలోచించు.

శంషాబాద్‌లో ఉంటున్నందుకు నీకు ఇంకో పాఠం ఉచితంగా దొరుకుతుంది. ఆ విమానాశ్రయం పెద్ద రన్‌వే 4,260 మీటర్ల పొడవున తూర్పు పడమరలుగా పరుచుకుని ఉంది. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది కనుక, వానాకాలంలో పడమటి గాలి వీస్తున్నప్పుడు విమానాలు తూర్పు వైపు నుంచి వస్తాయి. దిగడానికి వస్తున్న విమానం కూత నీ తల మీదుగా దాటిపోతున్నప్పుడు జాగ్రత్తగా విను. వస్తున్నంతసేపూ పై శ్రుతిలో ఉన్నది, దాటాక జారుతూ కింది శ్రుతికి పోతుంది. ఇంజను అదే, దాని వేగమూ పెద్దగా మారలేదు. మన వైపు వస్తున్న వస్తువు తన ధ్వని తరంగాలను తానే దగ్గరకు నొక్కుతుంది, దూరంగా పోతున్నప్పుడు వాటిని సాగదీస్తుంది. ఆస్ట్రియాకు చెందిన క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పిన సూత్రం ఇది.

లెక్క చేసి చూద్దాం. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. మామూలు ప్రయాణికుల విమానం దిగేటప్పుడు గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు దాదాపు 70 మీటర్ల చొప్పున వస్తుంది. 343కి 70 కలిపితే 413, తీసేస్తే 273. మొదటిదాన్ని రెండోదానితో భాగించు. ఒకటిన్నరకు వెంట్రుకవాసి ఎక్కువ వస్తుంది. షడ్జమానికీ పంచమానికీ మధ్య ఉన్న నిష్పత్తి సరిగ్గా ఒకటిన్నర. అంటే విమానం కూత ఎక్కడో దూరాన ‘ప’ దగ్గర మొదలై, నిన్ను దాటి దూరమయ్యేసరికి ‘స’ దగ్గరకు దిగుతుంది. విమానం సరిగ్గా నెత్తిమీదుగా కాక పక్కనుంచి పోతే జారుడు నెమ్మదిగా సాగి, మొత్తం దూరం అంత స్పష్టంగా తెలియదు. ఇదే లెక్క ఆర్టీసీ బస్సుకు వేయి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో హారన్ మోగిస్తూ పోయే బస్సు నిన్ను దాటేసరికి ఆ హారన్ ఒక్క మెట్టు, అంటే అరశ్రుతి దిగుతుంది. డాబా మీద నిలబడి విను, రోడ్డు మీదికి మాత్రం పోకు.

డాప్లర్ మాటను 1845లో నెదర్లాండ్స్‌లో బైస్ బాలో అనే శాస్త్రవేత్త పరీక్షించాడు. రైలు మీద బాకాలు ఊదేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన మంచి శ్రుతిజ్ఞానం ఉన్న సంగీతకారులను నిలబెట్టాడు. కంపనాలను లెక్కపెట్టే యంత్రం చేతిలో లేని రోజుల్లో కొలబద్ద సంగీతకారుల చెవే. ఎంత తేడా వచ్చిందో వాళ్లు చెప్పారు, సూత్రం నిలిచింది. భౌతికశాస్త్రం పుస్తకంలో ఈ సంగతి చదివినప్పుడు ఆ చెవులున్నవాళ్లను కూడా తలుచుకో.

డాప్లర్ చెప్పిన జారుడుకీ పాటలోని శ్రుతి మార్పుకీ పోలిక ఎంతో, తేడా కూడా అంత ఉంది. బాకావాళ్లు రైలు మీద ఒక పాట వాయిస్తూ పోయారనుకో, గట్టున ఉన్నవాళ్లకు ఆ పాటంతా మొత్తంగా కిందికి దిగుతుంది, స్వరాల మధ్య నిష్పత్తులు చెడవు. పాప్ పాటలో శ్రుతి మార్పు కూడా అంతే. కానీ రైలు దగ్గర అది జారుడు, పాటలో అది అడుగు. సంగీత దర్శకుడు పాత ‘గ’ను కొత్త ‘స’గా ఎంచుకుని అడుగు వేశాడు. ప్రకృతి ఎంచుకోదు.

వినబడిన ప్రతి తేడానూ శ్రుతి మార్పు అనుకోకూడదని కూడా చెప్పాలి. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. మన దేశంలో పాత టీవీలు, డీవీడీలు 25 ఫ్రేముల పద్ధతిలో నడిచేవి. ఆ ఒక్క ఫ్రేము కోసం సినిమాను కాస్త వేగంగా తిప్పేవారు, దాంతో పాటలన్నీ అరశ్రుతికి కొంచెం తక్కువగా పైకి జరిగేవి. ఒకే పాటను క్యాసెట్‌లోనూ టీవీలో వచ్చిన సినిమాలోనూ విని, ఘంటసాల రెండు శ్రుతుల్లో పాడారా అని అడిగేవాళ్లు అందుకే ఉంటారు. ఆయన ఒకే శ్రుతిలో పాడారు, యంత్రమే మార్చింది. పాట మధ్యలో మారితేనే అది కట్టినవాళ్ల పని. మొదటినుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే అది యంత్రం పనేనా అని చూడు. అలాగే నీ కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది చూశావా, ఆఖరి పల్లవికి ముందు దాన్ని ప్లస్ నాలుగుకు నొక్కితే పాత వేళ్లతోనే టైటానిక్ పాట ముగించవచ్చు. కచేరీ రోజున అలా చేసినా తప్పులేదు. నేర్చుకునే రోజుల్లో మాత్రం వద్దు. ఎ ఫ్లాట్ మేజర్‌కు వేళ్లు ఎలా పడతాయో నీ చేతికి తెలియాలి.

మన సంగీతంలో షడ్జమం నిజంగా చోటు మారే సందర్భం ఒకటి ఉంది. ‘ముద్దుగారే యశోద’ నీకు వచ్చు. అది కురంజి రాగం. ఆ రాగం తారషడ్జమం దాకా ఎక్కదు, కింది నిషాదం నుంచి పై ధైవతం దాకానే తిరుగుతుంది. మామూలు షడ్జమంలో పాడితే గొంతు కిందనే ఉండిపోయి పాట కళ తప్పుతుంది. అందుకని పెద్దలు తంబూరా పంచమం తీగను కొంచెం వదులు చేసి మధ్యమానికి దించుతారు. ఆ మధ్యమాన్నే ‘స’గా తీసుకుని పాడతారు. దీన్ని మధ్యమశ్రుతి అంటారు. నవరోజు, పున్నాగవరాళి, చెంచురుట్టి లాంటి రాగాలకూ ఇదే పద్ధతి. ఇందులో అందమేమిటంటే, కొత్త ‘స’ నుంచి చూస్తే పాత ‘స’ పంచమం అవుతుంది. తంబూరాలో పాత షడ్జమం తీగలు అలాగే మోగుతుంటాయి, ఎవరూ వాటిని ముట్టుకోలేదు, కానీ ఇప్పుడు అవి ‘ప’ పలుకుతున్నాయి.

వచ్చే క్లాసులో మీ టీచరుగారిని అడిగి ‘ముద్దుగారే’ను ముందు మామూలు శ్రుతిలో, తర్వాత మధ్యమశ్రుతిలో పాడించుకో. నీ శ్రుతి అయిదు అయితే మధ్యమశ్రుతిలో నీ ‘స’ ఏ మెట్టు మీద పడుతుందో ముందుగా నువ్వే లెక్కగట్టు, కీబోర్డు తర్వాత చూడు. నల్ల మెట్ల మీద అయిదు రాగాలూ వచ్చాక ఇంకో పని ఉంది. తెల్ల మెట్లన్నీ వాయిస్తూ ఆధారాన్ని ఒకటో శ్రుతిలో పెడితే శంకరాభరణం, రెండులో పెడితే ఖరహరప్రియ. మూడు, నాలుగు, అయిదు, ఆరు శ్రుతుల్లో ఏ మేళకర్తలు వస్తాయో కనుక్కుని రాయి. ఏడో శ్రుతిలో చిక్కు ఒకటి ఉంది, అక్కడ పంచమం కుదరదు. ఎందుకు కుదరదో కూడా రాయాలి.

మీ అమ్మను, నాన్నను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
తాత